ఇరుసు ఖర్చును కొట్టివేయరాదు

గత వర్షాకాలంలో నేను సమర్పించిన క్షేత్ర పరిశీలన నివేదికలో ఒక ఖాతాకు ఎదురుగా "ఆస్తి నిరుపయోగంగా ఉన్నది" అని వ్రాశాను. ఆ ఆస్తి పి.వి.సి. గొట్టాలతో ఇంటి వద్దనే తయారుచేసుకున్న ఒక నాలుగు చక్రాల తోపుడు బండి. దానికి ఋణం సిఫారసు చేసినవాడిని నేనే. అది నిరుపయోగం కావడానికి మూలమైన రూ. 640 ను వ్యయ అంచనా నుంచి కొట్టివేసినవాడినీ నేనే. చిన్న ఋణాల వసూళ్లను గురించి మన పత్రికలో ఎన్నో వ్యాసాలు వచ్చాయి. ఋణగ్రహీత నిజాయితీ, హామీదారు స్తోమత, మార్కెట్ ఒడిదుడుకులు వీటన్నిటిపై చర్చ జరిగింది. ఇరుసు అరిగిపోవడాన్ని గురించి మాత్రం నేను ఎక్కడా చదివిన జ్ఞాపకం లేదు. అందుచేత ఈ నాలుగు మాటలు.

సూరత్‌లో తెలుగువారి నివాసం కొత్తది కాదు. పాత కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి నేత కుటుంబాలు బ్రతుకుదెరువు కోసం షోలాపూర్, భివండీ, సూరత్‌లకు తరలివెళ్లాయి. నగరంలోని లింబాయత్ వంటి పేటలలో తెలుగు మాట వీధిలోనే వినిపిస్తుంది. సూరత్ నగరపాలక సంస్థ నడుపుతున్న పాఠశాలలలో తెలుగు మాధ్యమం కూడా ఉన్నదంటే ఈ జనాభా ఎంతటిదో ఊహించుకోవచ్చు. మరమగ్గాలు ఇప్పుడు నగరానికే పరిమితం కాలేదు. సాయణ్, కిమ్, కడోదరా వైపు గ్రామాలలోనూ షెడ్లు వెలిశాయి. గ్రామీణ శాఖలో పనిచేసే నావంటివాడికి చెరకు రైతు ఎంత ముఖ్యమో, నూలు మోసే కూలీ కూడా అంతే ముఖ్యమైన ఖాతాదారు అయినది ఇందువల్లనే.

నేను చెప్పబోయే దంపతులు సిరిసిల్ల ప్రాంతం నుంచి వచ్చినవారు. ఆయన చాలాకాలం సాంచాపై పనిచేశారు. మరమగ్గాన్ని వారు సాంచా అనే అంటారు. వినికిడి తగ్గి, కంటిచూపు మందగించిన తరువాత మగ్గం పని మాని, నూలు మెలివేసే షెడ్డు నుంచి నేత షెడ్లకు కోన్లు చేరవేసే పని కుదుర్చుకున్నారు. వెళ్లేటప్పుడు నిండు కోన్లు, తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ కోన్లు. మొదట అద్దె రిక్షా వాడేవారు. అద్దెకే సగం కూలి పోతున్నదని సొంత బండికి దరఖాస్తు పెట్టుకున్నారు. ఇనుప బండి ధర అందుబాటులో లేదు. పైగా బరువు. ఆయన మేనల్లుడు గొట్టాలు బిగించే పని తెలిసిన కుర్రవాడు. 63 మిల్లీమీటర్ల పి.వి.సి. గొట్టాలతో చట్రం, 30 సెంటీమీటర్ల చక్రాలు నాలుగు, 20 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీలు రెండు ఇరుసులుగా వేసి తానే తయారుచేస్తానన్నాడు.

అతడు తెచ్చిన అంచనా మొత్తం రూ. 24,640. అందులో చివరి పద్దు "నైలాన్ బుష్‌లు 4, లేత్ పని, రూ. 640". ముద్రా పథకంలోని శిశు తరగతికి గరిష్ఠ పరిమితి రూ. 50,000 గనుక పరిమితి సమస్య ఏమాత్రం లేదు. అయినా మనకు గుండు అంకెలంటే ఒక బలహీనత ఉన్నది. 24,640 కంటె 24,000 చూడటానికి బాగున్నది. కొట్టివేయడానికి అనువుగా కనిపించినది ఆ చివరి పద్దే. "గొట్టానికి రంధ్రం చేసి కడ్డీ దూర్చితే తిరుగుతుంది గదా, మధ్యలో ఇదెందుకు?" అని అడిగాను. ఆ కుర్రవాడు బ్యాంకు అధికారి ఎదుట వాదించే స్థితిలో లేడు. తల ఊపాడు. నెలకు రూ. 1,120 చొప్పున 24 వాయిదాలకు ఋణం మంజూరయింది. ఫిబ్రవరి మొదటివారంలో బండి రోడ్డెక్కింది.

జూలై మొదటివారంలో అది మురుగు కాలువలో ఒరిగింది. రెండు బస్తాల కోన్లు తడిసి పనికిరాకుండా పోయాయి. నూలు యజమాని కూలిలో రూ. 2,600 కోత పెట్టాడు. జూలై, ఆగస్టు వాయిదాలు జమకాలేదు. మూడవ నెల కూడా దాటితే 90 రోజుల నిబంధన ప్రకారం ఆ ఖాతా నిరర్థక ఆస్తుల జాబితాకు ఎక్కుతుంది. నేను వెళ్లేసరికి బండి ఇంటి ప్రక్కన గోడకు ఆనించి ఉన్నది. గొట్టంలోని రంధ్రాలు గుండ్రంగా లేవు. పైవైపునకు సాగి కోడిగ్రుడ్డు ఆకారంలో ఉన్నాయి. ఆశ్చర్యమేమంటే ఇనుప కడ్డీ కూడా రంధ్రంలో తిరిగిన మేరకు చుట్టూ గాడిపడి సన్నగిల్లింది. ఆ ఇల్లాలు దానిని నా చేతికిచ్చి "సారూ, ఇనుమును పిలాస్టిక్ తింటదా? తిన్నది చూడుండ్రి" అన్నది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్నా నేను కాదనలేను.

ప్లాస్టిక్ ఇనుమును తినడం వింతగా తోచవచ్చుగాని, కారణం సులభమైనదే. అరుగుదల అనేది రెండు వస్తువుల మధ్య మాత్రమే జరిగే వ్యవహారం కాదు. మధ్యకు వచ్చి చేరే మూడవది ధూళి. ధూళిలోని ఇసుక రేణువు మామూలు ఇనుముకంటె కఠినమైనది. ఇనుముపై ఇనుము తిరిగితే ఆ రేణువు నలిగి, కొంత బయటకు కూడా రాలుతుంది. మెత్తని ప్లాస్టిక్‌లో అయితే అది దిగబడి స్థిరపడుతుంది. అప్పుడు ఆ గొట్టం రంధ్రం అంచు గరుకు కాగితంవలె మారి, తనలో తిరిగే కడ్డీని రోజంతా రుద్దుతుంది. దీనికి తోడు పి.వి.సి. గొట్టాల తయారీలో సున్నపురాయి పొడిని కలపడం ఆనవాయితీ. గొట్టం నీరు మోయడానికి అది అడ్డు కాదు. ఇరుసు మోయడానికి ఆ పదార్థాన్ని ఎవరూ ఉద్దేశించలేదు. నేత పనివారికి ఈ సంగతి మరొక రూపంలో బాగా తెలుసు. పరుగెత్తే నూలు ఇనుప కొక్కేన్ని కోసివేస్తుందనే గదా, నూలు జారే చోట పింగాణి కన్నులు అమర్చుతారు. మెరుపు తగ్గించిన పాలియెస్టర్ దారంలో టైటానియం డయాక్సైడ్ పొడి ఉంటుంది. అది లోహాన్ని అరగదీస్తుంది. నేను డిగ్రీలో రసాయన శాస్త్రం చదివినవాడిని. ఈ పదార్థాల పేర్లన్నీ పరీక్షలో వ్రాసినవాడినే. అయినా రూ. 640 కొట్టివేసేటప్పుడు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

ఆ రోజు నేను వారి ఇంటి అరుగుపై కూర్చుని ఒక లెక్క వేశాను. ఆ లెక్కను పాఠకుల ఎదుట ఉంచుతున్నాను. 30 సెంటీమీటర్ల చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి సుమారు 94 సెంటీమీటర్లు నడుస్తుంది. రోజుకు 6 కిలోమీటర్లు నడిస్తే దాదాపు 6,400 చుట్లు. 20 మిల్లీమీటర్ల ఇరుసు చుట్టుకొలత సుమారు 6.3 సెంటీమీటర్లు. అంటే రంధ్రపు అంచుకూ కడ్డీకీ మధ్య రోజుకు 400 మీటర్ల రాపిడి. అయిదు నెలలలో 130 పనిదినాలు. మొత్తం 52 కిలోమీటర్లు. బండి, నూలు కలిసి 200 కిలోలు, నాలుగు ఆధారాలు, ఒక్కొక్క ఆధారంపై 50 కిలోలు. ఈ 50 కిలోలు దేనిపై నిలిచాయి? గొట్టం గోడ మందం 3 మిల్లీమీటర్లనుకుంటే, కడ్డీ దాటిపోయే రెండు గోడలూ కలిపి 6 మిల్లీమీటర్లు. కడ్డీ వెడల్పు 20. అంటే ఒకటింబావు చదరపు సెంటీమీటరుకు కూడా చాలని చోటు. చదరపు సెంటీమీటరుకు 40 కిలోలకు పైగా ఒత్తిడి, దానిపై 52 కిలోమీటర్ల రాపిడి, నడుమ ధూళి. అది అయిదు నెలలు నిలవడమే విశేషం.

అదే చోట 40 మిల్లీమీటర్ల పొడవు గల బుష్ ఉన్నదనుకోండి. ఆనుకునే చోటు 8 చదరపు సెంటీమీటర్లవుతుంది. ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 6 కిలోల చిల్లరకు దిగుతుంది. ఏడింట ఒక వంతు. అరుగుదల స్థూలంగా బరువుకూ, రాపిడి జరిగిన దూరానికీ అనుగుణంగా పెరుగుతుందని, పదార్థపు కాఠిన్యాన్ని బట్టి తగ్గుతుందని 1953లో ఆర్చర్డ్ అనే శాస్త్రజ్ఞుడు సూత్రీకరించాడు. బరువును మనం తగ్గించలేము. అది ఆ కుటుంబం కూలి. దూరాన్ని తగ్గించలేము. మిగిలినది, ఆ అరుగుదలను విశాలమైన చోటుకు పంచడం, రాపిడికి తగిన పదార్థాన్ని ఎన్నుకోవడం, ధూళిని దూరంగా ఉంచడం. ఈ మూడు పనులకూ కలిపి ఆ కుర్రవాడు అడిగినది రూ. 640.

ఇక నివారణ సంగతి. మొదట చెప్పవలసినది, భారం మోస్తూ తిరిగే ఇరుసుకు పి.వి.సి. గొట్టాన్నే ఆధారం చేయరాదు. గొట్టం చట్రంగా ఉండవచ్చు. ఇరుసు దగ్గర దానికి అడ్డంగా రంధ్రం చేయడమంటే బలహీనమైన చోటనే బరువంతా పెట్టడం. గొట్టం క్రింద తుమ్మకర్ర దిమ్మెను రెండు ఇనుప పట్టీలతో బిగించి, ఆ దిమ్మెలో బుష్‌ను కూర్చి, దానిలో ఇరుసును తిప్పడం మేలు. తుమ్మకర్ర మన ఎడ్లబండ్లకు తరతరాలుగా పనికివచ్చినదే. ఇప్పుడు ఈ దంపతుల బండి ఈ పద్ధతిలోనే ఉన్నది. బుష్‌కు నైలాన్ మంచిది. సూరత్ పరిసరాలలో మగ్గాల విడిభాగాలు చేసే లేత్ దుకాణాలలో నైలాన్ కడ్డీ ముక్కలు సులభంగా దొరుకుతాయి. అయితే నైలాన్ తేమను పీల్చి ఉబ్బుతుంది. వేసవిలో బిగుతుగా అమర్చిన బుష్ వర్షాలలో ఇరుసును పట్టేస్తుంది. 20 మిల్లీమీటర్ల ఇరుసుకు మిల్లీమీటరులో నాలుగవ వంతు మేర సందు ఉంచమని లేత్ పనివాడికి ముందుగానే చెప్పాలి. తోటలలో నీటికి వాడే నల్లని హెచ్.డి.పి.ఇ. గొట్టపు తునక కూడా, మందంగా ఉంటే, తేలికపాటి బండికి చాలును. అది మెత్తనిదే అయినా పి.వి.సి. కంటె జారుడు గలది. ఈ రెండింటినీ పి.వి.సి. జిగురుతో అంటించబోతే అంటుకోవు. జిగురు పి.వి.సి.ని కరిగించి అతుకుతుంది, వీటిని కరిగించలేదు. మర సీలతోనో, పట్టీతోనో బిగించవలసిందే. ఈ తెలియనితనం వల్ల జిగురు పూసిన బుష్ వారం రోజులకే ఊడి వచ్చిన బండిని ఒకటి చూశాను.

కడ్డీ ఎంపికలో మరొక పొరపాటు జరుగుతుంది. ఇళ్ల కట్టడంలో మిగిలిన గాళ్ల కడ్డీనో, తుప్పుపట్టిన నల్లకడ్డీనో ఇరుసుగా వాడతారు. గాళ్ల కడ్డీ ఆకురాయితో సమానం. నునుపు చేసిన బ్రైట్ బార్ అడిగి తీసుకోవాలి. ధరలో తేడా స్వల్పమే. నీటి గొట్టాన్ని ఇరుసుగా వేసేవారు కొలతల వలన కూడా మోసపోతారు. "అర అంగుళం" ఇనుప గొట్టం బయటి కొలత నిజానికి 21.3 మిల్లీమీటర్లు. ఆ పేరు లోపలి రంధ్రాన్ని బట్టి వచ్చినది. పి.వి.సి. గొట్టాన్ని బయటి కొలతతో పిలుస్తారు. పేర్లు చూసి ఒకదానిలో ఒకటి సరిపోతుందని కొంటే, ఒకచోట గడగడలాడుతుంది, మరొకచోట దూరనే దూరదు. కొలబద్దతో దుకాణంలోనే కొలుచుకోవడం ఒక్కటే మార్గం.

కందెన విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. ఇరుసు అనగానే కందెన గుర్తుకు రావడం తెలుగువాడికి సహజం. శతక పద్యంతోనే నేర్చుకున్న పాఠం అది. అయితే ఎడ్లబండి ఇరుసుకు కందెన వేసేవారు చక్రం తీసి, పాతదాన్ని తుడిచి, కొత్తది పెట్టేవారు. ఇప్పుడు చేస్తున్నది వేరు. మోటారు సైకిల్ నుంచి తీసిన వాడిన నూనెను పైనుంచి పోయడం. తెరచి ఉన్న చోట పూసిన జిడ్డు ధూళిని, నూలు పీచును ఆకర్షించి ముద్దగా తయారవుతుంది. ఆ ముద్ద అరుగుదలను తగ్గించకపోగా పెంచుతుంది. నైలాన్ బుష్‌ను పొడిగా నడపవచ్చు. గ్రీజు పెట్టదలచితే లోపలి నుంచి ఎక్కించి పాత మురికి బయటికి పోయేటట్లు ఏర్పాటు ఉండాలి. నూలు మోసే బండ్లకు మరొక బెడద, తెగిన దారాలు ఇరుసుకు చుట్టుకోవడం. కృత్రిమ నూలు కుళ్లదు, తెగదు. చుట్టుకున్నకొద్దీ బిగిసి బుష్ అంచును కోస్తుంది. చక్రానికీ దిమ్మెకూ మధ్య వెడల్పు వాషర్ వేసి, వారానికొకసారి బ్లేడుతో దారం కోసి తీసివేస్తే చాలును. ఈ పనికి అయిదు నిమిషాలు పట్టదు.

ఇరుసు తిరగకుండా బిగించి చక్రం మాత్రమే తిరిగేటట్లు చేసేవారు కూడా ఉన్నారు. బండి మలుపు తిరగడానికి అది సులువు. అటువంటి బండిలో అరుగుదల ఇరుసు అడుగువైపునే జరుగుతుంది. అరిగినట్లు కనిపించగానే దానిని అరచుట్టు త్రిప్పి బిగిస్తే, అరగని వైపు క్రిందికి వస్తుంది. ఒక్క పైసా ఖర్చు లేకుండా ఇరుసు ఆయుష్షు మరికొంత కాలం పొడిగించవచ్చు. ఈ సంగతి నాకు చెప్పినది ఏ ఇంజనీరూ కాదు, సైకిల్ రిక్షాలు బాగుచేసే ఒక వృద్ధుడు.

దారం చుట్టే రాట్నాల విషయం వేరు. ఇళ్లలో స్త్రీలు కండెలు, బాబిన్లు చుట్టడానికి చిన్న మోటారు అమర్చిన యంత్రాలు వాడుతున్నారు. వీటిని కూడా గొట్టం ముక్కలతో, చెక్కతో ఇంటి వద్దనే చేసుకోవడం చూస్తున్నాను. ఇక్కడ బరువు స్వల్పం, వేగం అధికం. నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగే 10 మిల్లీమీటర్ల కదురు ఉపరితలం సెకనుకు అర మీటరు పైగా జారుతుంది. తోపుడు బండి ఇరుసు మనిషి నడకలో జారేది అందులో ఏడవ వంతు. రాపిడిలో పుట్టిన వేడిని ఇనుము ప్రక్కకు పంపివేస్తుంది. ప్లాస్టిక్ పంపలేదు. పి.వి.సి. 80 డిగ్రీల సెల్సియస్ దరిదాపులలో మెత్తబడుతుంది. వేడినీటికి ఈ గొట్టం వాడరాదని కుళాయిల పనివారందరికీ తెలిసినదే. అందుచేత కదురుకు ఏ ప్లాస్టిక్ బుష్ కూడా కాదు, రెండు వైపులా రబ్బరు మూతలున్న బాల్ బేరింగ్ వేయవలసి ఉంటుంది. ఇటువంటి పనికి 608 నంబరు బేరింగ్ చాలు. దాని లోపలి కొలత 8, వెలుపలి కొలత 22, వెడల్పు 7 మిల్లీమీటర్లు. కదురు కొనను 8 మిల్లీమీటర్లకు తరిగి కూర్చవచ్చు. మూత లేని బేరింగ్ కొంటే నూలు పీచు లోనికి చేరి నెలలోపే పట్టేస్తుంది.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక చేయక తప్పదు. బేరింగ్‌ను గొట్టంలో బిగించడానికి గొట్టపు మూతిని స్టవ్ మంటపై పట్టి మెత్తబరచడం ఇళ్లలో పరిపాటి అయినది. పి.వి.సి. మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. అది ఊపిరితిత్తులకు హానికరం. తేమతో కలిసి ఆమ్లమై దగ్గరనున్న ఇనుప భాగాలకు తుప్పు పట్టిస్తుంది. పసిపిల్లలున్న ఒంటిగది ఇంట్లో ఆ పని చేయరాదు. మరుగుతున్న నీటిలో ముంచితే చాలును, మూతి మెత్తబడుతుంది.

ఇంతవరకు చదివిన నా తోటి అధికారులు ఒక ప్రశ్న వేస్తారు. ఇవన్నీ ఇంజనీరు చూడవలసినవి గదా, బ్యాంకు క్షేత్రాధికారికి ఈ గొడవ ఎందుకు? పాడిపశువుకు ఋణమిచ్చేటప్పుడు మనం పశువైద్యులమా? కాదు. అయినా పళ్లు చూసి వయస్సు అంచనా వేస్తాము, చెవి ట్యాగు నంబరు వ్రాసుకుంటాము. పంపుసెట్టుకు ఋణమిస్తే ఐ.యస్.ఐ. గుర్తు చూస్తాము. బావి త్రవ్వకానికి నీటి మట్టం అడుగుతాము. ఇంట్లో చేసుకున్న బండి, రాట్నం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొటేషన్‌లోని మొత్తం చూసి సంతకం చేస్తాము. కొటేషన్ ఇచ్చే దుకాణమే లేని ఆస్తి గనుక అక్కడ మరింత జాగ్రత్త అవసరం. తిరిగే ప్రతి యంత్రంలోనూ అడగవలసిన ప్రశ్న ఒకటే. ఏది దేనిలో తిరుగుతున్నది, వాటిలో ఏది ముందు అరగాలని ఉద్దేశించారు? చవకది, మార్చుకోగలిగినది ముందు అరిగితే అది మంచి యంత్రం. చట్రమే ముందు అరిగితే, అప్పు తీరకముందే ఆస్తి తీరిపోతుంది.

అరుగుదలను చిన్నచూపు చూడటం మన ఒక్కరి తప్పూ కాదు. బ్రిటన్‌లో పీటర్ జోస్ట్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1966లో నివేదిక సమర్పించేవరకు అక్కడి పరిశ్రమలు కూడా దీనిని మరమ్మతు ఖర్చుగానే చూశాయి. కందెన, రాపిడి, అరుగుదల విషయాలలో శ్రద్ధ వహిస్తే ఏటా 51 కోట్ల 50 లక్షల పౌండ్లు ఆదా కాగలవని ఆ సంఘం అంచనా కట్టింది. ట్రైబాలజీ అనే శాస్త్ర నామం ప్రచారంలోకి వచ్చినది ఆ నివేదికతోనే. అంత పెద్ద దేశపు లెక్కకూ, సాయణ్ దగ్గర ఒక తోపుడు బండి లెక్కకూ సూత్రం ఒక్కటే.

ఇంటి తయారీ యంత్రాలంటే నాకు చులకన భావం లేదు. ఉన్నదని ఎవరైనా అనుకుంటే చింతకింది మల్లేశం గారిని గుర్తు చేసుకోవాలి. ఆలేరు ప్రాంతంలో, ఆరవ తరగతితో చదువు మానిన ఈ నేత కుటుంబీకుడు, ఆసు పోయడానికి తల్లి పడుతున్న భుజాల నొప్పిని చూడలేక 1992లో యంత్రం తయారీకి పూనుకొని 1999లో సాధించారు. 2017లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఒక్క చీరకు చేయి వేల పర్యాయాలు ముందుకూ వెనుకకూ కదలవలసిన పని అది. అన్ని వేల కదలికలను దినదినమూ తట్టుకోగలిగితేనే యంత్రం ఇంట్లో నిలుస్తుంది. తొలిరోజు ఆడించి చూపిన యంత్రానికీ, ఏళ్ల తరబడి ఆడే యంత్రానికీ మధ్యనున్న దూరం అదే. అటువంటి పట్టుదల గల మనుషులు ప్రతి పేటలోనూ ఉన్నారు. వారి కాగితంలోని చివరి పద్దును మనం కొట్టివేయకుండా ఉంటే మొదటి సహాయం చేసినట్లే.

నేను కోరుతున్నది పెద్ద సంస్కరణ కాదు. స్వయంగా తయారుచేసుకునే యంత్రాలకు, బండ్లకు ఇచ్చే ఋణాల అంచనా పత్రంలో "తిరిగే భాగాలు, వాటి ఆధారాలు, మార్పిడి భాగాలు" అని ఒక ప్రత్యేక పద్దు ఉండాలి. ఒక జత అదనపు బుష్‌ల ధర కూడా ఋణంలోనే చేర్చాలి. ఋణం ఇచ్చిన ఆరు నెలలకు చేసే పరిశీలన ఇటువంటి ఆస్తుల విషయంలో నెలకే చేయాలి. చక్రాన్ని చేత్తో పట్టి అటూ ఇటూ ఊపి చూస్తే చాలు. రంధ్రానికీ కడ్డీకీ మధ్య రూపాయి నాణెం అంచు దూరేటంత సందు ఉంటే, బుష్ మార్చవలసిన సమయం అప్పటికే దాటినట్లు లెక్క. ఋణమొత్తం పెరుగుతుందన్న అభ్యంతరంలో పస లేదు. ఈ దంపతుల బండిని మరల నిలబెట్టడానికి గొట్టాలు, కడ్డీలు, దిమ్మెలు, బుష్‌లు, లేత్ కూలి కలిపి రూ. 3,900 అయినది. తడిసిన నూలుకు కోత రూ. 2,600. రూ. 640 ఆదా చేసిన నా తెలివికి మొత్తం రూ. 6,500 మూల్యం. అది చెల్లించినది నేను కాదు, వారు. బండి లేని ఏడు వారాల కూలి ఈ లెక్కలో చేరలేదు.

మూడవ నెల దాటకముందే బకాయి వాయిదాలు రెండూ జమ అయ్యాయి. ఇల్లాలు చెవి కమ్మలు కుదువపెట్టిన సంగతి నాకు తరువాత తెలిసింది. ఆ కమ్మలు సంక్రాంతికి విడిపించుకున్నారు. బండి ఇప్పుడు నడుస్తున్నది. ఇంతవరకు బుష్‌లను ఒక్కసారి మార్చారు. బ్యాంకుకు చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ లేకపోయింది.

క్రిందటి వారం కొబ్బరిబోండాల బండికి ఒక దరఖాస్తు వచ్చింది. చట్రం మళ్లీ పి.వి.సి. గొట్టాలదే. అంచనాలో గొట్టాలు, జిగురు, చక్రాలు, గొడుగు, రంగు అన్నీ ఉన్నాయి. ఇరుసు దేనిలో తిరుగుతుందో లేదు. కాగితం తిప్పి పంపాను. రెండవ రోజున రూ. 580 అధికంగా వేసిన కొత్త అంచనాతో అతడు వచ్చాడు. మొత్తం రూ. 31,580. అంకె గుండుగా లేదు. అలాగే సిఫారసు చేశాను.